వైవాలో నూటికి నూరు, అద్దం ముందు సున్నా

గత నెల ఈ శీర్షికలో రొమ్ము క్యాన్సర్ గురించి రాసిన నాలుగు ముక్కలకు గృహిణులు ఎక్కువగా స్పందిస్తారనుకున్నాను. తీరా చూస్తే ఉత్తరాల్లో సగానికి పైగా నర్సింగ్, వైద్య, ఫిజియోథెరపీ విద్యార్థులవే. అందుకే ఈ సంచిక వాళ్లకు ఇచ్చేస్తున్నాను. పేర్లు తీసేసి, ఉత్తరాలను కుదించాను.

ప్రశ్న: మేడమ్, నేను నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. రొమ్ముల స్వీయ పరీక్ష ఎలా చేసుకోవాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కమ్యూనిటీ పోస్టింగులో చార్టు పట్టుకుని ఎంతోమందికి నేర్పాను కూడా. కానీ నేను మాత్రం ఎప్పుడూ సరిగ్గా చేసుకోలేదు. మా హాస్టల్ గదిలో ఉన్న నలుగురిలో ఎవరూ చేసుకోరని మొన్న మాటల్లో బయటపడింది. చెప్పేదొకటి, చేసేదొకటి అన్నట్టు ఉంది మా పరిస్థితి. ఇలాంటి మేము ఇతరులకు నేర్పవచ్చా?

జవాబు: మీ గదిని ప్రత్యేకంగా తప్పు పట్టనక్కర లేదమ్మా. వైద్య, నర్సింగ్ విద్యార్థినుల మీద ఎన్నో దేశాల్లో సర్వేలు జరిగాయి. చాలావాటిలో ఇదే కథ. దీని గురించి విన్నారా అని అడిగితే దాదాపు అందరూ చేతులెత్తుతారు. నెలనెలా చేసుకుంటున్నారా అనగానే చాలా చేతులు దిగిపోతాయి. కారణాలు కూడా అటూ ఇటూగా అవే: మరిచిపోయాం, తీరిక లేదు, మాకు లక్షణాలేమీ లేవు కదా, ఏదైనా దొరుకుతుందేమోనని భయం, చేస్తున్నది సరైన పద్ధతో కాదో తెలియదు. ఈ చివరిదే అసలు కారణమని నా అనుమానం. వేళ్లకు తగిలింది గడ్డో, మామూలు కండో, పక్కటెముకో తేల్చుకోలేకపోతే ఆ పని మీద ఎవరికైనా బెదురు పుడుతుంది. ఒకటి రెండు నెలలు చూసి మానేస్తారు. ఆ మానేయడానికే సర్వే కాగితం మీద ‘మరిచిపోయాను’ అని టిక్కు పెడతారు.

నేను వైవాలకు, అంటే నోటి పరీక్షలకు, పరీక్షకురాలిగా వెళుతుంటాను. వరుస పొల్లుపోకుండా అప్పజెప్పిన అమ్మాయికి సిలికాన్ నమూనా ఇచ్చి చేసి చూపించమంటాను. హార్మోనియం మెట్లు నొక్కినట్టు వేళ్ల కొసలతో అక్కడొకటి ఇక్కడొకటి నొక్కి, ‘నార్మల్ మేడమ్’ అంటుంది. లోపల బఠాణీ గింజంత గడ్డ ఉంటుంది. అది ఆ పిల్ల తప్పు కాదు. మనం నోటికి మార్కులు వేస్తున్నాం, చేతికి పాఠం చెప్పడం లేదు.

కాబట్టి ఆ చేతి పాఠం ఇదిగో. వెల్లకిలా పడుకుని, పరీక్షించే వైపు భుజం కింద చిన్న దిండు పెట్టుకుని, ఆ చేతిని తల కిందికి పెట్టండి. అప్పుడు రొమ్ము ఛాతీ మీద పలచగా పరుచుకుంటుంది. నిలబడి చేస్తే కింది భాగం మందంగా మడతపడి లోపలున్నది అందదు. రెండో చేతి నడిమి మూడు వేళ్లను కలిపి, కొసలతో కాకుండా వేలిముద్రలు పడే మెత్తని భాగంతో తాకండి. ఒక్కో చోట నాణెమంత సున్నా చుడుతూ మూడుసార్లు ఒత్తాలి: మొదట చర్మం కింద మాత్రమే తెలిసేటంత తేలికగా, తరువాత మధ్యస్థంగా, ఆఖరున పక్కటెముక తగిలేటంత గట్టిగా. తరువాత చెయ్యి ఎత్తకుండా పక్కకు జరపాలి. చంక కింది నుంచి మొదలుపెట్టి నిలువు గీతలు గీస్తున్నట్టు పైకీ కిందికీ కదులుతూ ఛాతీ మధ్య ఎముక దాకా రావాలి. పైన కాలర్ ఎముక, కింద రొమ్ము ముగిసే మడత హద్దులు. గుండ్రంగా తిప్పుతూ చేసేవాళ్లు ఆ అంచులను, ముఖ్యంగా చంక వైపు మూలను వదిలేస్తుంటారు. రొమ్ము క్యాన్సర్లలో దాదాపు సగం పుట్టేది ఆ పై బయటి భాగంలోనే. చంకను మాత్రం కూర్చుని, చేతిని కొద్దిగా మాత్రమే ఎత్తి చూసుకోవాలి. పూర్తిగా ఎత్తితే అక్కడి కండ బిగుసుకుని వేళ్లను లోపలికి పోనివ్వదు.

ఇక చార్టులో ఉండని సంగతులు. కింది మడత దగ్గర అడ్డంగా ఒక గట్టి అంచు తగులుతుంది. చాలామంది బెదిరేది దాన్ని చూసే. అది మామూలుదే. పై బయటి భాగం కాస్త గరుకుగా, గింజలు గింజలుగా ఉండటమూ మామూలే. రెండు రొమ్ములు ఒకే పరిమాణంలో ఉండాలనే నియమమూ లేదు. అనుమానం వచ్చిన చోటును రెండో వైపు అదే చోటుతో పోల్చి చూడండి. రెండు వైపులా ఒకేలా ఉంటే అది చాలా వరకు మీ శరీర నిర్మాణమే. నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కించి ఏడో రోజుకూ పదో రోజుకూ మధ్య చేసుకుంటే మంచిది. నెలసరికి ముందు వారం హార్మోన్ల వల్ల నీరు పట్టి, బరువుగా, గడ్డలు గడ్డలుగా అనిపిస్తుంది. ఆ వారంలో చూసుకుని ఏడ్చినవాళ్లు నాకు బాగా తెలుసు.

అద్దం ముందు పని రెండు నిమిషాలే. చేతులు దించి, ఎత్తి, నడుము మీద పెట్టి గట్టిగా అదిమి చూడండి. నడుము మీద అదమడం ఎందుకో తెలుసా? రొమ్మును చర్మానికీ వెనక కండరానికీ కట్టి ఉంచే కూపర్ స్నాయువులు అనే పోగులుంటాయి. కణితి వాటిని లోపలికి లాగితే చర్మం మీద సొట్ట పడుతుంది. ఛాతీ కండరం బిగిసినప్పుడు ఆ సొట్ట స్పష్టంగా కనబడుతుంది. ఈ ‘ఎందుకు’ తెలిసినవాళ్లకు వరుస బట్టీ పట్టే పని ఉండదు. సొట్టలతో పాటు చూసుకోవలసినవి: కొత్తగా లోపలికి లాక్కుపోయిన చనుమొన, నారింజ తొక్కలా మారిన చర్మం, చనుమొన మీద మానని పుండు లేదా పొట్టు, ఒకే రంధ్రం నుంచి దానంతట అదే వచ్చే రక్తపు స్రావం.

నేర్పవచ్చా అన్నారు. నేర్పండి. ముందు ఈ నెల మీ నలుగురూ ఎవరికి వారు చేసుకోండి. ఆ తరువాత మీరు చెప్పే పాఠంలో ‘కింద ఒక అంచు తగులుతుంది, భయపడకండి’ అనే వాక్యం దానంతట అదే చేరుతుంది. వినేవాళ్లకు కావలసింది ఆ వాక్యమే.

ప్రశ్న: నేను ఎం.బి.బి.ఎస్. చివరి సంవత్సరం. స్వీయ పరీక్ష వల్ల మరణాలు తగ్గవని షాంఘై అధ్యయనం తేల్చింది కదా. అమెరికా సంస్థలు కూడా దాన్ని వదిలేశాయి. అయినా మా చేత ఇంకా బట్టీ పట్టిస్తున్నారు. ఇది కాలం చెల్లిన పాఠం కాదా?

జవాబు: మీరు చదివింది నిజమే. షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,064 మంది మహిళలను రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి స్వీయ పరీక్షను శ్రద్ధగా నేర్పి, మళ్లీ మళ్లీ గుర్తుచేశారు. రెండో వర్గానికి నేర్పలేదు. 2002లో వెలువడిన తుది ఫలితాల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు మొదటి వర్గంలో 135, రెండో వర్గంలో 131. తేడా లేదు. పైగా నేర్చుకున్నవాళ్లలో హానిలేని గడ్డలు ఎక్కువగా బయటపడి, వాటికి బయాప్సీలు (ముక్క తీసి చేసే పరీక్షలు) కూడా ఎక్కువయ్యాయి. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2003లో స్వీయ పరీక్షను ఇష్టమైతే చేసుకోండి అనే స్థాయికి దించింది. 2015 నాటికి సాధారణ ముప్పు ఉన్నవాళ్లకు సిఫారసు చేయడమే మానేసింది. అక్కడి నిపుణుల బృందం 2009లో దాన్ని నేర్పవద్దని కూడా చెప్పింది.

ఇంత దూరం చదివినవాళ్లు ఇంకో అడుగు వేయాలి. ఆ అధ్యయనం పరీక్షించింది ఒక నెలవారీ తంతును, అది కూడా లక్షణాలేమీ లేని ఆరోగ్యవంతుల్లో. ‘మార్పు కనబడిన వెంటనే వెళ్లి చూపించుకోవడం దండగ’ అని అది ఎక్కడా అనలేదు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) స్క్రీనింగ్ అందుబాటులో లేని చోట గడ్డను మొదట కనిపెట్టేది చాలావరకు ఆ మనిషి చెయ్యే. కనిపెట్టిన రోజుకూ వైద్యుడి దగ్గరికి వచ్చిన రోజుకూ మధ్య ఎన్ని నెలలు జారిపోయాయన్నదే మా ఓపీలో అసలు ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదలుపెట్టిన కార్యక్రమం కూడా అక్కడే గురిపెట్టింది: రోగి వచ్చిన 60 రోజుల్లోపు నిర్ధారణ పూర్తి కావాలి, బయటపడే క్యాన్సర్లలో 60 శాతానికి పైగా మొదటి రెండు దశల్లోనే ఉండాలి.

ముంబయి అధ్యయనం చదివారా? 1998లో మొదలై, ఒకటిన్నర లక్షకు పైగా మహిళలతో ఇరవై ఏళ్లు నడిచింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో రొమ్ములను పరీక్షించారు. జబ్బు ముదరక ముందే పట్టుబడింది. 50 ఏళ్లు దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్న వయసువాళ్లలో ఆ లాభం కనబడలేదు. మొత్తం అందరినీ కలిపి చూస్తే తగ్గుదల 15 శాతమే, అది గణాంకాల ప్రకారం గట్టిగా నిలిచేదీ కాదు. గమనించారా, ఆ పరీక్ష చేసినవాళ్లు స్పెషలిస్టులు కారు, శిక్షణ పొందిన చేతులున్న మామూలు కార్యకర్తలు. రేపు ఆ చేతులు మీవి కావాలి. అవి నేర్చుకోవడానికి రోజూ మీకు అందుబాటులో ఉండే శరీరం ఒక్కటే.

నా మట్టుకు నేను ఇరవై ఏళ్ల అమ్మాయికి ‘నెలనెలా తప్పితే పాపం’ అని చెప్పను. ‘నీది ఎలా ఉంటుందో నీకు తెలిసి ఉండాలి, మారితే వెంటనే రా’ అంటాను. నలభై దాటినవాళ్లకు ఆ మాటతో పాటు మామోగ్రామ్ గురించి చెబుతాను, స్వీయ పరీక్ష దానికి బదులు కాదని కూడా చెబుతాను. మీ ప్రొఫెసర్లు ఈ తేడా చెప్పకుండా పాత వరుసే అప్పజెప్పిస్తుంటే మీ ఫిర్యాదులో న్యాయముంది.

ప్రశ్న: నేను ఫిజియోథెరపీ రెండో సంవత్సరం. నాకు ఇరవై ఏళ్లు. క్లాసులో నేర్పాక గదికి వచ్చి చూసుకుంటే ఎడమవైపు చిన్న గడ్డ తగిలింది. నొక్కితే జారిపోతోంది, నొప్పి లేదు. మూడు వారాలైంది. నా రూమ్మేట్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. తను ఇంటర్నెట్‌లో చూసి ‘నొప్పి లేని గడ్డే ప్రమాదమట’ అంది. అప్పటి నుంచి నిద్ర లేదు. వచ్చే నెల పరీక్షలు. అవి అయ్యాక చూపించుకోవచ్చా? మా కాలేజీ ఆసుపత్రిలో మా సార్లే ఉంటారు, అక్కడికి వెళ్లాలంటే సిగ్గుగా ఉంది.

జవాబు: నిన్ను ‘నువ్వు’ అనే పిలుస్తాను తల్లీ, మీరు మీరు అంటూ దూరంగా నిలబడి చెప్పే మాటలు కావివి. ముందు నీ వయసు చూద్దాం. ఇరవైల్లో రొమ్ము క్యాన్సర్ చాలా అరుదు. ఆ వయసులో జారిపోయే, రబ్బరులాంటి, నొప్పి లేని గడ్డ అంటే వైద్యులకు మొదట గుర్తొచ్చేది ఫైబ్రోఅడినోమా. అది క్యాన్సర్ కాదు. జారిపోయే స్వభావం వల్లే పాత సర్జన్లు దానికి రొమ్ములో ఎలుక అని పేరు పెట్టారు. మీ రూమ్మేట్ చదివింది సగం నిజం. క్యాన్సర్ గడ్డకు తరచుగా నొప్పి ఉండదు. అలాగని నొప్పి లేనివన్నీ క్యాన్సర్లు కావు.

అయినా ఉత్తరం చదివి గడ్డ పేరు చెప్పే విద్య నా దగ్గర లేదు. పరీక్షలయ్యాక అన్న మాట వదిలెయ్. ఈ వారంలోనే వెళ్లు. జబ్బు నెలలో ముదిరిపోతుందని కాదు. ఇప్పుడున్న నిద్రతో నువ్వు ఆ పరీక్షలు రాయలేవు, తేలిపోతే రాయగలవు.

అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను. వైద్యురాలు రెండు వైపులా చేతితో చూస్తుంది, చంకలు కూడా. తరువాత అల్ట్రాసౌండ్. నీ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో అంతా తెల్లగా కనబడుతుంది, గడ్డ అందులో కలిసిపోతుంది. అందుకే మామోగ్రామ్ రాయలేదని కంగారు పడకు. అవసరమనుకుంటే సూదితో చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపుతారు. చేతి పరీక్ష, స్కాను, సూది పరీక్ష, ఈ మూడూ ఒకే మాట చెబితే ఆ మాట మీద నిలబడవచ్చు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందనే భయం నీకుంటే దాన్ని ఇక్కడే వదిలెయ్. ఫైబ్రోఅడినోమా అని తేలితే, చిన్నదైతే తరచుగా తీయకుండా కొన్నాళ్లు గమనిస్తారు.

మీ కాలేజీ ఆసుపత్రికే వెళ్లాలని నియమం ఎక్కడా లేదు. వేరే చోటికి వెళ్లు. మహిళా వైద్యురాలు కావాలని అడుగు, గదిలో తోడుగా నర్సును గానీ నీ మనిషిని గానీ ఉంచమని అడుగు. అది నీ హక్కు, రేపు నీ రోగులకు నువ్వు ఇవ్వవలసిన మర్యాద కూడా. ఈలోగా రోజుకు పదిసార్లు నొక్కి చూసుకోవడం ఆపు. నొక్కిన కొద్దీ అక్కడ కమిలి, వాచి, గడ్డ పెరిగినట్టు అనిపిస్తుంది. క్లాసులో మిగతా పిల్లలను కూడా చూడమని అడగకు, తలా ఒక రోగం పేరు చెబుతారు. చదువుతున్న జబ్బులన్నీ తమకే ఉన్నట్టు తోచడం మీ చదువుల్లో మామూలే. ఇంట్లో అమ్మకు ఒక్క వాక్యం చాలు: ‘చిన్న గడ్డ తగిలింది, ఫలానా రోజు చూపించుకుంటున్నాను.’ ఫలితం తెలిశాక నాకొక ముక్క రాయి.

ప్రశ్న: నెలసరికి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి నొప్పి పెడతాయి. ఇది క్యాన్సర్ లక్షణమా? (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు)

జవాబు: రెండు వైపులా వచ్చి, నెలసరి కాగానే తగ్గిపోయే నొప్పి హార్మోన్లది. ఒకే చోట, నెలతో సంబంధం లేకుండా ఉండిపోతే చూపించుకోండి.

ప్రశ్న: మా పిన్నికి (అమ్మ చెల్లెలికి) 38 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నర్సింగ్ చదువుతున్నాను కాబట్టి లోపముంటే ఈ జబ్బు ముప్పు పెంచే బి.ఆర్.సి.ఏ. జన్యువుల గురించి తెలుసు. నేను ఆ పరీక్ష చేయించుకోవాలా?

జవాబు: మొదట చేయవలసింది మీకు కాదు, పిన్నికి. జబ్బు వచ్చిన మనిషిలో లోపం దొరికితే, అదే లోపం మీ అమ్మకూ, తరువాత మీకూ ఉందో లేదో చూడటం తేలిక. ఆమెకు చూడకుండా మీకు చేసి ఏమీ లేదని వస్తే, దాన్ని పూర్తిగా నమ్మలేం. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. కానీ చిన్న వయసులో వచ్చిందంటే జన్యు సలహా తీసుకోవడం సబబే. కుటుంబ వివరాలు చెప్పేటప్పుడు నాన్న వైపు మేనత్తలను, నాయనమ్మను వదిలేయకండి. ఈ జన్యువులు తండ్రి నుంచి కూడా వస్తాయి.

ప్రశ్న: నేను అబ్బాయిని, నర్సింగ్ చదువుతున్నాను. ఈ క్లాసు రోజున అబ్బాయిలను బయటికి పంపించేశారు. మాకు అక్కర్లేదా?

జవాబు: పంపించినవాళ్లది పొరపాటు. రొమ్ము క్యాన్సర్లలో అర శాతం నుంచి ఒక శాతం దాకా మగవాళ్లకే వస్తాయి. ఎక్కువగా చనుమొన వెనకే గట్టి గడ్డగా మొదలవుతాయి. మగవాళ్లకు ఇది రాదనే నమ్మకం వల్లే ఆలస్యంగా వస్తుంటారు. ఇక వృత్తి విషయానికొస్తే, రేపు వార్డులో ఒకామె తన గడ్డ గురించి మీకే మొదట చెప్పవచ్చు. ఆ పాఠం మీకూ చెప్పమని రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: నేను నర్సింగ్ కాలేజీలో అధ్యాపకురాలిని. మా చివరి సంవత్సరం పిల్లలు ప్రాజెక్టుగా జూనియర్లలో ‘స్వీయ పరీక్షపై అవగాహన, వైఖరి, ఆచరణ’ సర్వే చేస్తామంటున్నారు. ప్రశ్నపత్రం తయారు చేయడానికి సలహాలివ్వగలరా?

జవాబు: మేడమ్, మొహమాటం లేకుండా చెబుతాను. అవగాహన ఎక్కువ, ఆచరణ తక్కువ అని ముగిసే ప్రాజెక్టులు లైబ్రరీల్లో బీరువాలకు బీరువాలున్నాయి. మీ పిల్లలు ఇంకొకటి చేర్చినా తేలేది అదే. పైగా తనకు మార్కులు వేసే టీచరు కాలేజీలో, సీనియర్ ఇచ్చిన కాగితం మీద, పక్కన ఫ్రెండు చూస్తుండగా ‘నెలనెలా చేసుకుంటాను’ అని టిక్కు పెట్టిన అమ్మాయి మాట ఎంతవరకు నమ్ముతారు?

దానికి బదులు చేతిని కొలవండి. గడ్డలు దాచిన సిలికాన్ నమూనా ఒకటి ఉంటే చాలు. ఎన్ని గడ్డలు పట్టుకుంది, లేని చోట ఎన్ని ఉన్నాయంది, ఎంతసేపు చూసింది అన్నవి రాసుకోండి. రెండో సంఖ్యను ఎవరూ పట్టించుకోరు, కానీ అనవసరపు భయాలూ బయాప్సీలూ పుట్టేది అక్కడి నుంచే. తరువాత ఒక గంట చేతితో నేర్పండి. కొన్ని వారాలాగి మళ్లీ అదే నమూనా ఇవ్వండి. నమ్మకాలను కూడా కొలవాలనుకుంటే విక్టోరియా చాంపియన్ 1984లో రూపొందించిన కొలమానం ఉంది: నాకు వస్తుందనుకుంటున్నానా, వస్తే ఎంత ప్రమాదం, చేస్తే లాభమేమిటి, అడ్డేమిటి అన్న వరుసలో సాగుతుంది. తరువాత దానిలో ‘నేను సరిగ్గా చేయగలననే ధీమా’ అనే భాగం కూడా చేరింది. నా మాట వింటే ఆ భాగాన్ని తప్పక ఉంచండి. నమూనా మీద వచ్చిన సంఖ్యతో దాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే మీ పిల్లలకు రాయడానికి నిజంగా ఒక విషయం దొరుకుతుంది.

‘గడ్డ తగిలితే మొదట ఎవరికి చెబుతావు? ఎన్ని రోజుల్లో చూపించుకుంటావు?’ అన్న రెండు ప్రశ్నలు కూడా చేర్చండి. రోల్ నంబర్లు అడగవద్దు. కాగితాలు పెట్టెలో వేయించండి, వేయకుండా వెళ్లిపోయే స్వేచ్ఛ కూడా ఇవ్వండి.

ఇంకొకటి, ఇది ప్రాజెక్టు కంటే ముందు జరగాలి. ఇలాంటి క్లాసు పెట్టిన రాత్రి హాస్టల్లో ఎవరికో ఒకరికి ఏదో తగులుతుంది. పైన ఉత్తరం రాసిన పిల్లకు జరిగింది అదే, నేర్పినవాళ్లు తరువాత ఎక్కడికి వెళ్లాలో చెప్పలేదు కాబట్టి మూడు వారాలు గదిలో కూర్చుంది. సర్జరీ విభాగంలో ఒక వైద్యురాలితో ముందే మాట్లాడుకుని, ఆమె ఓపీ రోజు, గది నంబరు, కాలేజీకి సంబంధం లేని ఇంకో ఆసుపత్రి పేరు ప్రశ్నపత్రం చివరి పేజీలో అచ్చు వేయించండి. ఆ పేజీని చింపుకుని తీసుకెళ్లేలా విడిగా కుట్టించండి.